పువ్వెరుగని అడవి

వరంగల్ మట్టెవాడలో దీపాల వేళ. భోగేశ్వరుని గుడిలో ప్రమిద నూనె తాగుతోంది. ఎదురు మేడ మీద బల్బు బొగ్గు తాగుతోంది. ప్రమిదకు నిరుటి నువ్వుచేను చాలు. బల్బుకు 27 కోట్ల ఏళ్ల కిందటి అడవి కావాలి.

ఓ అడవీ, నా పువ్వెరుగని అడవీ! నీ కాలాన తంగేడు లేదు, గునుగు లేదు. బతుకమ్మ పేర్చేందుకు పుడమి మొత్తంలో ఒక్క పూరేకు లేదు. నీ కొమ్మన కూసే పిట్ట ఇంకా పుట్టనేలేదు. గోండ్వానా ఖండపు చలిగాలుల్లో గ్లాసోప్టెరిస్ చెట్లు నాలుకల్లాంటి ఆకులు చాచి ఎండను నాకాయి. గాలిలోని కార్బన్‌ను కొమ్మ చేసుకున్నాయి, రెమ్మ చేసుకున్నాయి. కూలిన నిన్ను లోయ బురద కప్పింది. ఆక్సిజన్ సోకని ఆ బురదలో నీకు నిండుగా కుళ్లే భాగ్యమైనా దక్కలేదు. పైన మట్టి బరువు, కింద భూమి వేడి. నీలోని నీరు పోయింది, ఆక్సిజన్ పోయింది, కొంత హైడ్రోజన్ పోయింది, కార్బన్ చిక్కబడింది. పీట్‌వయ్యావు, లిగ్నైట్‌వయ్యావు, కడకు కారునలుపు బొగ్గువయ్యావు.

నీ చెల్లెళ్లు కడలి అడుగున పడుకున్నారు, కంటికానని నాచుతునకలై. వాళ్లు ముడిచమురయ్యారు, సహజవాయువయ్యారు. కార్బన్ చతుర్భుజుడు కదా! నాలుగు చేతులా హైడ్రోజన్లను పట్టుకుంటే మీథేన్. బొగ్గుబాయిలో నిప్పురవ్వకు భగ్గున పేలి ప్రాణాలు తీసేది అదే. మూడు కార్బన్లు చేయీ చేయీ కలిపితే ప్రొపేన్, నాలుగైతే బ్యూటేన్, మన వంటింటి సిలిండర్‌లోని జంట. ఎనిమిదికి అటూ ఇటూ అయితే పెట్రోలు, పన్నెండుకు అటూ ఇటూ అయితే అమ్మమ్మ కందిలిలోని గ్యాస్‌నూనె, ఇంకా సాగితే డీజిల్. నీకంత తీరైన వరుసలేవి తల్లీ? నీవి చిక్కుపడ్డ కార్బన్ వలయాలు, వాటి నడుమ గంధకం, బూడిద.

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర నీ జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. బాయిలోకి దిగిన మనవాళ్లు తట్టా చెమ్మసుతో నిన్ను పైకెత్తారు, ఊపిరితిత్తుల్లోనూ కొంత మోసుకొచ్చారు. వాళ్ల మీద నాకు కోపం లేదు; ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టిన చెమట అది. నా ఏడుపు నీ కోసం.

బంధం తెగితే వేడి పుడుతుందని చాలామంది అనుకుంటారు. తెంచడానికి వేడి ఖర్చవుతుంది. అగ్గిపుల్ల అవసరం అందుకే. తెగిన కార్బన్ ఆక్సిజన్‌ను కౌగిలించినప్పుడే మంట వేడెక్కేది. ఏ ఆక్సిజన్ కంటపడకుండా కోట్ల ఏళ్లు బురద నిన్ను దాచిందో, భూపాలపల్లి పక్కన చెల్పూరు కరెంటు కేంద్రం బాయిలర్లలో దాని చేతికే నిన్ను అప్పగిస్తున్నాం. 12 కిలోల కార్బన్, 32 కిలోల ఆక్సిజన్ కలిసి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్. కాలితే తరిగిపోతావనుకున్న కళ్లు ఎంత పిచ్చివి! చితి మీంచి నీలోని కార్బన్ మూడున్నర రెట్లు మించిన బరువుతో లేస్తోంది.

యంత్రాల పొగ మొదలవక ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. ఈ పూటే బొగ్గుబాయిలన్నీ మూసేసినా, దానిలో కొంత భాగం వేల ఏళ్ల దాకా గాలిలోనే ఉంటుంది.