శశిరేఖని ఎవరైనా అడిగారా?

మా ఇల్లు దబీర్‌పురా దర్వాజాకి దగ్గర. ఆమధ్య రవీంద్రభారతిలో సురభివారి 'మాయాబజార్' అంటే పక్కింటి ఖాలాని కూడా లాక్కుపోయాను. ఆవిడకి తెలుగు అంతంతమాత్రం. "నాకేం అర్థమవుతుంది బేటీ!" అంటూనే ఆటో ఎక్కింది.

తీరా చూస్తే నాకంటే ముందు ఆవిడే నవ్వుతోంది! తర్జుమా చేసిపెట్టే పనే పడలేదు. నాటకానికి మూలధనం మాటలు కాదని అప్పుడనిపించింది. ఒకరికి ఏదో కావాలి, దానికి ఇంకొకరు అడ్డుపడాలి, ఆ పేచీ మన కళ్ళెదుట జరగాలి. శశిరేఖకి అభిమన్యుడు కావాలి. పాండవులు ఆస్తి పోగొట్టుకోగానే రేవతమ్మకి ఆ సంబంధం చేదయింది. ఇది ఏ భాషలో చెబితేనేం, తెలియని ఆడది ఉంటుందా?

రెండో కిటుకు, గుట్టు పాత్రలకి దాచి మనకి చెప్పడం. పెళ్ళిపీటలమీద కూర్చున్నది ఘటోత్కచుడని మనకి తెలుసు, మగపెళ్ళివారికి తెలీదు. అందుకే ఈ నాటకానికి కథ తెలిసినవాళ్ళే ఎక్కువ నవ్వుతారు. తర్వాత ఏమవుతుందన్నది కాదు, పాపం వీళ్ళకెప్పుడు తెలుస్తుందన్నదే మన ఆత్రం.

ఇక ఆడించడం సంగతి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన నాటక కుటుంబం వీరిది. వేషం కట్టడం, తెర లాగడం, రంగు పూయడం అన్నీ ఇంటివాళ్ళే. ఆడవేషాలు మగవాళ్ళే వేసే రోజుల్లో ఈ ఇళ్ళ ఆడవాళ్ళు ధైర్యంగా రంగస్థలమెక్కారు. చిటికెలో అంతఃపురం పోయి అడవి రావాలన్నా, మనిషి గాల్లోకి లేవాలన్నా, తెరవెనక ఒక సంసారం మొత్తం చెమటోడ్చాలి.

నా ఫిర్యాదల్లా కథమీదే. అసలు శశిరేఖని మంచంతో సహా ఎత్తుకుపోయి ఎక్కడో భద్రంగా దాచారు. పెళ్ళికొడుకుని ముప్పుతిప్పలు పెట్టిందంతా మాయ శశిరేఖ. 1957 సినిమాలో ఇద్దరూ సావిత్రే. అందుకే ఆవిడ పెళ్ళికొడుకు కాలు తొక్కితే మనకంత ఆనందం. అసలు పిల్ల చేయలేనిది, అదే మొహంతో, ఇంకొకరొచ్చి చేసిపెట్టారన్నమాట!

తిరుగు ప్రయాణంలో ఖాలా ఉర్దూలో అడిగింది: "పెళ్ళి తప్పింది, సంతోషమే. కానీ ఆ పిల్లని కూర్చోబెట్టి ఎవరైనా అడిగారా?"

"కృష్ణుడికి తెలుసుగా" అన్నాను.

"తెలియడం వేరు, అడగడం వేరు బేటీ."

ఇంటికొచ్చేసరికి మావారు ఫోన్లో ఎవరితోనో, "మా అందరికీ ఇష్టమేనండీ" అంటున్నారు. ఒక్క నిమిషం ఆగమని సైగ చేసి, చెప్పులైనా విప్పకుండా అమ్మాయి గదిలోకి వెళ్ళాను.