పాల గ్రేవీ, గోంగూర పులుపు: రెండు ఎండు మాంసాల కథ

అమెరికా ఇళ్లలో ఒక పాతకాలపు పొదుపు వంట ఉంది. ఉప్పు పట్టించి ఎండబెట్టిన గొడ్డుమాంసాన్ని కాగితమంత పల్చగా కోస్తారు. వెన్నలో మైదా వేయించి, పాలు పోసి చిక్కబరిచి, అందులో ఆ మాంసం కలిపి, కాల్చిన బ్రెడ్డు మీద పోసుకుంటారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం చుట్టుపక్కల పల్లెల్లో ఒట్టి తునకల కూర ఉంది. పెద్దమాంసాన్ని పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, ఎండకు తోరణంలా కట్టి, గట్టిపడ్డాక దాచుకుని, కావలసినప్పుడు కాల్చి, దంచి, గోంగూరలోనో వంకాయలోనో వండుకునే కూర. రెండింటిలోనూ ఉన్నది ఎండు మాంసమే. కొంచెం మాంసంతో ఎక్కువ మంది కడుపు నింపే వంటలే రెండూ. కానీ ఒక వంటలో పొదుపు చేసింది మాంసాన్ని, రెండో దానిలో పొదుపు చేసింది ఒక రోజు దొరికిన సమృద్ధిని. రుచిలో, రూపంలో, గౌరవంలో వాటి మధ్య తేడాలన్నీ ఇక్కడినుంచే మొదలవుతాయని నా అభిప్రాయం.

అమెరికా వంటకు రాతపూర్వకమైన ఆధారం ఉంది. 1910 నాటి అమెరికా సైన్యపు వంటవాళ్ల చేతిపుస్తకంలో అది కొలతలతో సహా కనిపిస్తుంది: అరవై మందికి 15 పౌండ్ల ఎండు మాంసం, ఒక పౌండు కొవ్వు, పౌండుంబావు మైదా, రెండు డబ్బాల చిక్కటి పాలు, మిరియాలు, ఆరు క్వార్టుల మాంసపు రసం. లెక్క కడితే మనిషికి నూట పది గ్రాముల పైచిలుకు ఎండు మాంసం పడుతుంది, పాలు మాత్రం పేరుకే. అంటే సైన్యం వంట అప్పటికి పొదుపు వంట కాదు, నిల్వ సరుకుతో చేసిన వంట. అది ఇంటికి చేరాక తిరగబడింది. చిన్న సీసాడు మాంసం, రెండు కప్పుల పాలు, రెండేసి చెంచాల వెన్న, మైదాతో నలుగురు తినే వంటయింది. మాంసం తగ్గిన చోటును పాలు, పిండి ఆక్రమించాయి. 1930ల మాంద్యంలోనూ, రెండో ప్రపంచ యుద్ధంలో మాంసానికి రేషన్ పెట్టినప్పుడూ ఈ లెక్కే ఇల్లాళ్లను ఆదుకుంది. సైనికులు దానికి బూతు పేరు పెట్టి తిట్టుకున్నారు. అయినా ఇళ్లకు తిరిగొచ్చాక అడిగి చేయించుకుని తిన్నవాళ్లు చాలామందే. తూర్పు రాష్ట్రాల చిన్న హోటళ్లలో పొద్దుటి ఫలహారంగా అది ఇప్పటికీ నిలిచి ఉంది.

మన మార్కాపురం ప్రాంతానికి వద్దాం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. తిండి అలవాట్లలో రాయలసీమ వాసన ఇంకా ఉంది. నల్లమల పక్కనే ఉన్నా వాన నమ్మకం లేని నేల. వాన లేని ఏడు ముందు పోయేది మేత, ఆ వెనక గొడ్డు, ఆ తర్వాతే మనిషి. ఊళ్లో చచ్చిన పశువును ఈడ్చుకుపోయి తోలు ఒలిచే పని పాత గ్రామవ్యవస్థ మాదిగల నెత్తిన పెట్టింది. ఆ తోలుతో రైతుకు చెప్పులు, బావి నీళ్లు తోడే కపిల బాన కుట్టి ఇవ్వాలి. మాంసం వాళ్ల వాటా. ఎద్దు పడితే వాడంతా పంచుకున్నా ఒక పూటలో తినలేనంత మాంసం వస్తుంది. దాన్ని దాచుకోవడానికి మంచుపెట్టె లేదు, నూనె కొనే డబ్బు లేదు. ఉన్నవి ఎండా, ఉప్పూ. కరువు ఏడాదిలో ఊరికి నష్టమైన పశువే వాడకు నెలల తరబడి తిండి. ఒట్టి తునకలను పేదల ఆవకాయ అనో, పండుగ రుచి అనో తేలిగ్గా మెచ్చుకునేవాళ్లు ఈ పుట్టుకను మరచిపోకూడదు. ఆ తోరణాల వెనక వెట్టి ఉంది, ఆకలి ఉంది, ఆకలిని జయించిన పనితనమూ ఉంది.

ఈ రెండు తిండి లోకాలు ఒకప్పుడు ఇదే నేల మీద ఎదురుపడ్డాయి. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని కల్పించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువ మంది మాదిగలే. కొత్తగా చేరేవాళ్లకు ఆయన పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు. మూడో నియమం ఒట్టి తునకల మూలాన్నే తాకింది. ఆ నియమాన్ని కేవలం శుభ్రత కోసమని చదవడం పొరపాటు. చచ్చిన గొడ్డును వద్దనడం అంటే దాన్ని ఈడ్చే చాకిరీని వద్దనే దారి కూడా తెరుచుకోవడం. మాంసం మూలం మారింది, కొనుక్కునే మాంసం వచ్చింది. చీల్చే తీరు, ఎండబెట్టే తీరు మాత్రం అలాగే మిగిలాయి. ఈనాడు 1977 చట్టం ప్రకారం రాష్ట్రంలో ఆవును, దూడను కోయడం నిషేధం. అందుకే నేను ఇక్కడ చెప్పే కూరలోది దున్న మాంసం.

ఇక వంట. రెండింటి తేడా కత్తి దగ్గరే తెలిసిపోతుంది. అమెరికా పద్ధతిలో పెద్ద కండను కండగానే ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టి, చివర్లో పోగుకు అడ్డంగా కోస్తారు. పోగు పొట్టిగా తెగుతుంది కాబట్టి నోట్లో సులువుగా విడిపోతుంది. మనవాళ్లు పచ్చిగా ఉన్నప్పుడే పోగు వెంబడి పొడుగ్గా చీలుస్తారు. అలా చీల్చిన తునకే దండెం మీద తెగిపడకుండా వేలాడుతుంది, గాలి అన్నివైపులా తగిలి లోపలిదాకా ఎండుతుంది. ఆ పోగు తర్వాత నమలడానికి మొండికేస్తుంది. దానికి జవాబు నిప్పులూ రోకలీ. నిప్పుల మీద తిప్పుతూ కాలిస్తే కొవ్వు చిటపటలాడి పైకి వస్తుంది, వాసన ఇల్లు దాటుతుంది. తర్వాత రోట్లో దంచితే పోగులు విడిపోతాయి. అమెరికా ఇల్లాలు మాంసంలోని ఉప్పును నీళ్లలో నానబెట్టి వదిలిస్తుంది. మన ఇల్లాలు తునకను వేడినీళ్లలో కడిగి, మిగిలిన ఉప్పును కూరకు ఉప్పుగా వాడుకుంటుంది. పొదుపులో ఈ చిన్న మెట్టు దగ్గర మనదే పైచేయి.

కొంచెం మాంసాన్ని ఎక్కువ చేసే ఉపాయం చూడండి. అక్కడ పిండి, పాలు. వెన్నలో వేగిన మైదా రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా ఉంటాయి. పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే వేడికి ఉబ్బి ఉండకట్టకుండా చిక్కబడతాయి. ఇక్కడ గోంగూర, చింతపండు, వంకాయ, దోసకాయ. ఈ రెండు ఉపాయాలూ ఒక గిన్నెలో ఇమడవు, పులుపు తగిలితే పాలు విరిగిపోతాయి. పాలు చవకైన దేశం పాలతో సాగదీసింది. గొడ్డు తోలు ఒలిచినవాళ్ల ఇంట పాడి అరుదు, ఉన్నా పాలు అమ్మకానికే. వాళ్లు చేని గట్టున మొలిచిన పులుపుతో సాగదీశారు.

మా ఇంట్లో ఒట్టి తునకలను నానబెట్టి ఉడికించి, పోగుకు అడ్డంగా పల్చగా కోసి, గేదె పాలతో ఆ తెల్ల గ్రేవీ చేసి చూశాను. మిరియాలు ధారాళంగా పడితే అది కమ్మని వంటే, పిల్లలు ఇష్టపడ్డారు. ఉప్పు తగిలిన మాంసం పక్కన పాల తీపి నాలుకకు హాయిగా ఉంటుంది. అయితే ఆ గ్రేవీలో తునక తన కాల్పు వాసనను పోగొట్టుకుని మెత్తటి ఉప్పు ముక్కగా మిగిలింది. గోంగూర అలా చేయదు. దాని పులుపు కొవ్వు మొహమొత్తకుండా తుంచుతుంది, కాలిన వాసనను ముందుకు తోస్తుంది. ప్రతి ముద్దలో మాంసం ఉందని నాలుక గుర్తుపడుతుంది. జొన్న సంకటితోనో సజ్జ రొట్టెతోనో తిన్నప్పుడు పావుకిలో తునకలు ఆరుగురికి చాలడం ఈ కారణం వల్లే. వంటగా నేను మన కూరకే పెద్దపీట వేస్తాను.

కానీ ఒక విషయంలో అమెరికా వంట ముందుంది, అది నన్ను బాధిస్తుంది. బూతు పేరుతో తిట్టించుకున్న వంటకు కూడా ఆ దేశం ప్రభుత్వ పుస్తకంలో కొలతలు రాసి పెట్టింది. దాన్ని తిన్నందుకు ఎవరికీ ఇల్లు అద్దెకు దొరకకుండా పోలేదు. మన తునకలు దండెం మీద కనబడితే కులం కనబడినట్టే. పట్నానికి చదువుకు వెళ్లిన పిల్లలు ఆ డబ్బాను గదిలో దాచుకోవాల్సి వస్తుంది. మరాఠీలో షాహూ పాటోళె 2015లో ‘అన్న హే అపూర్ణబ్రహ్మ’ రాసి మహార్, మాంగ్ ఇళ్ల తిండిని, ఎండు మాంసంతో సహా, పుస్తకానికి ఎక్కించాడు. మన వాడల పెద్దమ్మల చేతి కొలతలూ అలా కాగితం మీదికి రావాలి. వాళ్లు అప్పగించనిదే మనం ఊహించి రాయకూడదు కూడా.

నేను నేర్చుకున్నంత వరకు కొలత ఇదీ. ఎముకలేని, కొవ్వు తక్కువున్న మాంసం కిలో. వేలెడు మందం మించకుండా పోగు వెంబడి చీల్చాలి. రెండు పెద్ద చెంచాల కల్లుప్పు, ఒక చెంచా పసుపు పట్టించి రాత్రంతా ఉంచాలి. ముసురు లేని రోజులు చూసుకుని, పల్చటి గుడ్డ కప్పి, ఎండలో వేలాడదీసి, సాయంత్రానికి లోపలికి తేవాలి. విరిస్తే పుల్లలా విరిగేదాకా ఎండాలి. మాంసంలో మూడు వంతుల దాకా నీరే కాబట్టి కిలోకు మూడు వందల గ్రాములు మిగిలితే ఎక్కువ. తడి తగలని డబ్బాలో దాచాలి, బూజు కనిపిస్తే మొత్తం పారేయాలి. వండే రోజు పావుకిలో తీసి, కాల్చి, కడిగి, దంచి, మెత్తగా ఉడికించి, ఎర్ర గోంగూర రెండు కట్టలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉల్లిపాయలతో మగ్గించాలి. ఉప్పు మాత్రం దింపే ముందు రుచి చూసి, అవసరమైతేనే వేయాలి.