పొద్దు పొడవకముందే బండి చూడాలి

సెకండ్ హ్యాండ్ కారు చూసిపెట్టమని కర్నూలులోనో కడపలోనో తెలిసినవాళ్లు పిలిస్తే నేను పెట్టే షరతు ఒక్కటే: ఎండెక్కాక రాను. మనవైపు బండి బేరమంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక తీరిగ్గా సాగే పని. అమ్మేవాళ్లకూ అదే అనుకూలం. కానీ టైమింగ్ చైన్ సంగతి తెలియాలంటే ఇంజన్ రాత్రంతా ఆగి చల్లబడి ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పది గంటలకే బానెట్ మీద చెయ్యి పెట్టలేం. అది ఎండ వేడో, మనం వచ్చేముందు బండిని ఓ రౌండు తిప్పి తెచ్చిన వేడో ఎట్లా తేల్చుకుంటాం? ఆరింటికల్లా అక్కడుంటే ఆ అనుమానమే ఉండదు.

క్రాంక్ షాఫ్ట్ తిరుగుడును క్యామ్ షాఫ్ట్‌కు అందించి, వాల్వులు సరైన వేళకు తెరుచుకుని మూసుకునేలా చూసేది ఈ చైనే. లింకుల పిన్నులు అరిగేకొద్దీ దాని పొడవు పెరిగి వదులవుతుంది. దాన్ని బిగపట్టి ఉంచే టెన్షనర్ చాలా ఇంజన్లలో ఇంజన్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. రాత్రి ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే, ఆ ఒత్తిడి మళ్లీ వచ్చేలోపు, అరిగిన చైన్ కవరు లోపల గలగలమంటుంది. సెకను పాటు వినిపించి ఆగితే మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లి వింటాను. నాలుగైదు సెకన్లు సాగినా, ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో కూడా వినపడినా ఇక ధర మాట్లాడను. దాన్నట్లాగే నడిపితే ఏదో ఒకరోజు అరిగిన సైకిల్ చైన్‌లా పన్ను దాటి ఎగురుతుంది. వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఇక హెడ్ దింపాల్సిందే.

ఈ మాట మరీ గట్టిగా చెప్పాల్సింది 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ గురించి. ఫియట్ రూపొందించిన ఆ 1248 సీసీ ఇంజన్ 2007 నుంచి మారుతి స్విఫ్ట్‌లో, తర్వాత డిజైర్, ఎర్టిగాల్లో వచ్చింది. టాటా విస్టా, మాంజాల్లోనూ అదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లను ఆపేసింది. కాబట్టి ఇప్పుడు అమ్మకానికొచ్చే డీజిల్ డిజైర్లన్నీ ఏళ్ల తరబడి తిరిగినవే. బాడుగలకు తిరిగినవీ వాటిలో చాలానే ఉంటాయి. ఆ ఇంజన్ మంచిది, నాకు దానిమీద గౌరవం. చైన్ కదా, ఇక దాని జోలికి పోనక్కర్లేదన్న నమ్మకమే దాన్ని పాడుచేస్తోంది. పాత ఇండికా డీజిల్‌కు, క్రిస్టాకు ముందటి డీజిల్ ఇన్నోవాకు టైమింగ్ బెల్టు ఉండేది. గడువుకు బెల్టు మార్చాలని డ్రైవర్లందరికీ తెలుసు. చైన్‌కు మామూలుగా అట్లాంటి గడువు పెట్టరు. అది ఎన్నాళ్లు ఉంటుందన్నది ఆయిల్ మీదే ఆధారపడుతుంది.

ఆయిల్‌ను మనం కిలోమీటర్లతో లెక్కపెడతాం. మన ఎండల్లో ఆ లెక్క సరిపోదు. ప్రొద్దుటూరులో కల్యాణమండపం ముందో, కర్నూలు పెద్దాసుపత్రి బయటో డ్రైవరు ఏసీ వేసుకుని గంటలకు గంటలు కూర్చుంటాడు. ఆయన్ను తప్పుపట్టను, ఆ వేడిలో ఇంకేం చేస్తాడు? మీటరు కదలకపోయినా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్‌లో మసి చేరుతూనే ఉంటుంది. ఆ మసే పిన్నులను అరగదీస్తుంది. బేతంచెర్ల బండల గనుల వైపు, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల వైపు తిరిగే బండ్లకు దుమ్ము కూడా తోడవుతుంది. ఎయిర్ ఫిల్టర్ పాడైనా, సరిగ్గా కూర్చోకపోయినా ఆ దుమ్ము ఇంజన్‌లోకి, అక్కణ్నుంచి ఆయిల్‌లోకి చేరుతుంది. అందుకే పుస్తకంలో పదివేలకు మార్చమని ఉంటే ఇక్కడ ఏడెనిమిది వేలకే మార్చమంటాను. తిరిగినా తిరక్కపోయినా ఏడాదికోసారి మార్చాల్సిందే.

బండి చూసేటప్పుడు మీటరు కన్నా ముందు బిల్లులు అడగండి. మీటరును వెనక్కి తిప్పొచ్చు. నాలుగేళ్ల ఆయిల్ బిల్లులను తేదీలు, కిలోమీటర్లు కుదిరేలా పుట్టించడం అంత సులువు కాదు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చూడండి. డీజిల్ బండిలో ఆయిల్ నల్లగా ఉండటం మామూలే, మట్టం తక్కువైతేనే ప్రమాదం, ఎందుకంటే టెన్షనర్‌కు ఒత్తిడి చాలదు. మూత విప్పితే లోపల జిడ్డు గడ్డకట్టి ఉందా అన్నదీ చూడాలి. 'అన్నా, డీజిల్ బండి అన్నాక సౌండ్ రాదా?' అని అమ్మేవాళ్లు అంటారు. వస్తుంది. అయితే టాపెట్ శబ్దం పైనుంచి టిక్‌టిక్‌మని లెక్కగా వస్తుంది, చైన్ శబ్దం పక్క కవరు నుంచి గీరినట్టు వస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన కవరుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినే మెకానిక్కులు మనవైపు ఇంకా ఉన్నారు. కదిలే బెల్టుల పక్కన చేసే పని కాబట్టి చేయి తిరిగినవాళ్లకే వదిలేయండి. వీలైతే స్కానర్ కూడా పెట్టించండి. క్రాంక్, క్యామ్ లెక్క తప్పితే చాలా బండ్లు పీ0016 అనే కోడ్ చూపిస్తాయి.

కొన్నాక పొద్దున స్టార్ట్ చేసిన వెంటనే రేస్ చేయకండి. బ్యాటరీ దిగిపోతే తోసి స్టార్ట్ చేయడం మానండి, ఆయిల్ ఒత్తిడి లేని ఇంజన్‌ను కుదుపుతో తిప్పితే వదులు చైన్ పన్ను దాటొచ్చు. మార్చాల్సి వస్తే చైన్ ఒక్కటే వేయించి డబ్బు మిగిలిందనుకోకండి. టెన్షనర్, గైడ్లు, పళ్లచక్రాలు కలిపి కిట్ మొత్తం వేయించండి. పాత పళ్లమీద కొత్త చైన్ తొందరగా అరుగుతుంది. ఆ బిల్లు బండి కాగితాలతో పాటే దాచండి. మీ తర్వాత కొనేవాళ్లు అడుగుతారు.