బీజకణార్బుదము: పేరు, పుట్టుక, నిర్ణయము

వ్యాధి పేరు వ్యాధిని తెలుపవలెను, మరుగుపరుపరాదు. రాజపాళయపు తెలుగు కుటుంబములకు ఈ విషయము మరింత ముఖ్యము. వైద్యుని నివేదిక ఆంగ్లమున నుండును. ఆసుపత్రిలో మాట తమిళము. ఇంట ఆలోచన తెలుగు. ‘జెర్మ్ సెల్ ట్యూమర్’ అను పేరు ఈ మూడు గడపలు దాటి వచ్చునప్పటికి అర్థము చెడును. మన వాడుకలో ‘జెర్మ్’ అనగా క్రిమి. కావున అంటువ్యాధి యను భ్రమకు తావు కలుగును. ఇచట ‘జెర్మ్’ అనగా బీజము, అండమునకును శుక్రమునకును మూలమైన కణము. ‘బీజకణార్బుదము’ అనుటయే యుక్తము.

ఇక ‘ఛాతీగడ్డ’ యను పేరు ఉనికిని చెప్పునే కాని పుట్టుకను చెప్పదు. పిండదశలో బీజకణములు శరీరపు నడిమిభాగము వెంట పయనించి తమ నెలవు చేరును. దారిలో నిలిచిపోయిన కణములే రొమ్మెముక వెనుక అర్బుదములగునని పలువురి మతము. రాజపాళయమున తరతరములుగా నున్న రాజుల మూలమును ఇంటిపలుకు తెలుపునట్లు, ఈ కణముల మూలమును అవి రక్తమున విడుచు పదార్థములు తెలుపును.

ఈ వ్యాధి విశేషముగా యువకులకు వచ్చును. దగ్గు, ఆయాసము, రొమ్మునొప్పి దీని లక్షణములు. అవే లక్షణములు క్షయకును గలవు. ఎక్స్‌రేలో అదే చోట లింఫోమా, థైమోమాలును కనబడును. నీడను మాత్రమే చూచి నిర్ణయించుట విమర్శకు నిలువదు. ఆల్ఫా ఫీటోప్రోటీన్, హెచ్.సి.జి. పరీక్షలు తొలుతనే జరుపవలెను. శుద్ధమైన సెమినోమా ఆల్ఫా ఫీటోప్రోటీనును హెచ్చింపదు. కణజాల పరీక్షలో సెమినోమా మాత్రమే కనబడినను, అర్బుదము వలన ఈ ప్రోటీను హెచ్చినచో దానిని ఇతర జాతిగానే యెంచవలెను. అయితే రెండును సాధారణముగా నున్నంతమాత్రమున వ్యాధి లేదనరాదు. పక్వ టెరటోమా వీనిని హెచ్చింపదు. వృషణములను అల్ట్రాసౌండుతో చూచుటయు అవసరము. మూలవ్యాధి అచట నుండవచ్చును.

ఈ భేదము పండితచర్చకు మాత్రమే సంబంధించినది కాదు. 1970 దశకమున సిస్‌ప్లాటిన్ చికిత్స వచ్చిన పిదప, రొమ్మునందలి సెమినోమా రోగులలో అత్యధికులు బ్రతుకుచున్నారు. ఇతర జాతులలో ఆ యాశ ఇంచుమించు సగమే. 1997 నాటి అంతర్జాతీయ వర్గీకరణము ఈ రెండవదానిని కష్టసాధ్యమైన తరగతిలో చేర్చినది. దీనికి సాధారణముగా మందులు ముందు, శస్త్రము తరువాత. క్రమము తప్పినచో విలువైన కాలము పోవును.

కావున పారిభాషిక పదము కూర్చువారు పుట్టుకను చెప్పు పేరు నిలుపవలెను. వైద్యులు దానిని రోగికి ఇంటి భాషలో విప్పి చెప్పవలెను. సరియైన పేరు సరియైన చికిత్సకు తొలిమెట్టు.