లష్కర్ గల్లీలో వేసవి ఆట

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో, ఒకప్పుడు బ్రిటిష్ పటాలాల అవసరాల కోసం వెలిసి ఆ పేరుతోనే నిలిచిపోయిన రెజిమెంటల్ బజార్‌లో, వేసవి సాయంత్రం ఎండ తగ్గుముఖం పట్టగానే మొదలయ్యే గల్లీ క్రికెట్‌ను పిల్లల కాలక్షేపమని కొట్టిపారేసేవారు అందులోని పనితనాన్ని ఒక్కసారైనా నిలబడి చూడనివారే. ఇరుకు సందు, టెన్నిస్ బంతి, వికెట్ల స్థానంలో ఒక ప్లాస్టిక్ స్టూలు, అరిగిన బ్యాటు ఒకటి, సరంజామా అంతా ఇంతే. అయినా ఈ కొద్దిపాటి వస్తువులతో పిల్లలు సాధించే నేర్పు పెద్ద మైదానాల్లో ఖరీదైన శిక్షణ పొందినవారిలో కూడా అరుదుగా కనిపిస్తుంది.

మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో పేరు పొందిన ఈ నగరాన్ని పాత తరంవారు ఇప్పటికీ లష్కర్ అనే పిలుస్తారు. సైన్యం వెంట క్రికెట్ వచ్చిందనీ, అంతకు ముందే ఇక్కడి పిల్లలు చిన్న కొయ్యముక్కను పొడవాటి కర్రతో ఎగరేసి కొట్టే చిర్రగోనె, అంటే కోస్తావారి బిళ్ళంగోడు, ఆడేవారు గనుక బ్యాటు వారి చేతికి కొత్త కాలేదనీ పెద్దలు చెబుతారు. చరిత్ర అంతటితో చాలు, చూడవలసింది ఆటను.

గల్లీ ఆటకు నిబంధనలు రాసేది గల్లీయే. రెండు వైపులా ఇళ్లు ఒరుసుకుని ఉంటాయి కాబట్టి బంతి నేల తాకకుండా ఎవరి ఇంట్లో పడినా కొట్టినవాడు ఔటే, వెళ్లి ఆ ఇంటివారిని బతిమాలి బంతి తెచ్చుకోవలసిందీ అతడే. నేలను ఒక్కసారి తాకి లేచిన బంతిని ఒంటిచేత్తో పట్టినా ఔట్ అయ్యే పద్ధతిని పిల్లలు ‘వన్ టిప్ వన్ హ్యాండ్’ అంటారు. బంతి ఫలానా గడప దాటితే పరుగెత్తకుండానే ఇన్ని పరుగులని ముందే ఒప్పుకోవడం ‘డిక్లేర్డ్’. లెక్కలోకి రాని మొదటి బంతి ‘ట్రయల్’. జట్లు సరిసమానంగా కుదరనప్పుడు మిగిలిపోయి రెండు పక్షాల తరఫునా ఆడేవాడు ‘కామన్’. బ్యాటింగ్ వరుస తేల్చడానికి నేల మీద గీతలు గీసి, వాటి పక్కన అంకెలు వేసి, అంకెలను బ్యాటుతో కప్పి, ఒక్కొక్కరి చేత ఒక్కొక్క గీతను ఎంపిక చేయిస్తారు. అంపైరు లేకుండానే ఇంత పకడ్బందీగా సాగే ఆట మరొకటి చూపించడం కష్టం. మరీ తగాదా వస్తే మెట్ల మీద కూర్చున్న తాతయ్య మాటే తీర్పు.

ఈ నిబంధనలన్నీ కలిసి పిల్లవాడికి నేర్పేది మణికట్టు విద్య. ఎత్తి కొడితే ఔట్, పక్కకు బాదితే గోడ. కాబట్టి బంతిని చివరిదాకా రానిచ్చి, చేతుల బలంతో కాక మణికట్టు తిప్పుతో, ఇద్దరు ఫీల్డర్ల నడుమ ఉన్న జానెడు సందులోంచి నేల మీదుగా పంపడమొక్కటే మార్గం. హైదరాబాద్ బ్యాటింగ్‌కు ప్రపంచమంతా మెచ్చిన లక్షణం సరిగ్గా ఇదే. సికింద్రాబాద్‌లో పుట్టిన ఎం.ఎల్.జయసింహ 1960 జనవరిలో ఆస్ట్రేలియాపై కలకత్తా టెస్టులో అయిదు రోజులూ బ్యాటింగ్ చేసి, అంతకు ముందు ఎవరికీ దక్కని ఘనతను సొంతం చేసుకున్నారు. 1968లో ప్రత్యామ్నాయ ఆటగాడిగా ఆస్ట్రేలియాకు వెళ్లి, ప్రయాణపు అలసట తీరకముందే బ్రిస్బేన్ టెస్టులో 74, 101 పరుగులు చేశారు. 1984-85లో ఇంగ్లండ్‌పై తన తొలి మూడు టెస్టుల్లోనూ శతకాలు చేసిన అజారుద్దీన్, 2001 మార్చిలో కోల్‌కతాలో ఆస్ట్రేలియాపై 281 పరుగులు చేస్తూ షేన్ వార్న్ లెగ్ స్టంప్ బయట గరుకు నేల మీద వేసిన ఒకే రకం బంతిని ఒకసారి కవర్స్ మీదుగానూ ఇంకొకసారి మిడ్ వికెట్ వైపూ పంపిన వి.వి.ఎస్.లక్ష్మణ్ కూడా ఈ జంట నగరాల మణికట్టు సంప్రదాయానికే చెందినవారు. ముంబై పద్ధతి గొప్పదనేవారు ఉండవచ్చు. అది నిలబడే పద్ధతి, ఇది కట్టిపడేసే పద్ధతి.

బౌలరు విద్య వేరు. క్రికెట్ తోలు బంతి సుమారు 160 గ్రాములు తూగితే టెన్నిస్ బంతి 58 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. అది నేలను తాకగానే ఎత్తుగా లేస్తుంది, గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది. పొట్టిగా వేస్తే బ్యాటరుకు ఆలోచించుకునే తీరిక దొరుకుతుంది కనుక పాదాల దగ్గర పడే యార్కరే గల్లీ బౌలరుకు ప్రాణం, ఆ తరువాత వేళ్ల మధ్య బంతిని నొక్కిపట్టి వదిలే నెమ్మది బంతి. తోలు బంతి చేతికి రాకముందు టెన్నిస్ బంతితోనే రాటుదేలిన హైదరాబాదీ ఆటో డ్రైవరు కొడుకు మహమ్మద్ సిరాజ్, 2023 ఆసియా కప్ ఫైనల్లో ఒకే ఓవర్లో నాలుగు వికెట్లు తీసి శ్రీలంకను 50 పరుగులకే కూల్చాడు. 2025 ఆగస్టు 4న ఓవల్ టెస్టులో ఇంగ్లండ్ చివరి వికెట్‌ను యార్కర్‌తోనే పడగొట్టి భారత్‌కు ఆరు పరుగుల విజయం సాధించిపెట్టాడు. ఆ యార్కర్‌ను చూసి ఆశ్చర్యపోయినవారు పరాయివారే. ఇక్కడి సందుల్లో పెరిగినవారికి అది చిరపరిచితం.

ఈ ఆటకు గడచిన రెండు మూడు దశాబ్దాలుగా వచ్చి చేరిన కొత్త శోభ అమెరికా నుంచి సెలవులకు వచ్చే మనవలు. అక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లల్లో ఎందరో, 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విలియమ్స్‌పోర్ట్‌లో మొదలై ఊరూరా పాకిన లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ ఆడి వస్తారు. లిటిల్ లీగ్‌లో బంతి విసిరే చోటికీ కొట్టే చోటికీ దూరం 46 అడుగులు, అంటే 14 మీటర్లు. క్రికెట్ పిచ్ 20 మీటర్లకు పైమాటే అయినా గల్లీలో అంత చోటు ఎక్కడా దొరకదు గనుక ఆ పిల్లలకు ఇక్కడి దూరం అలవాటైనదిగానే ఉంటుంది. కష్టమంతా మిగతా విషయాల్లో. బేస్‌బాల్ బ్యాటు గుండ్రంగా, లావు మహా అయితే ఆరున్నర సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటుంది, దాన్ని నడుము తిప్పుతూ అడ్డంగా ఊపాలి; క్రికెట్ బ్యాటు వెడల్పు 10.8 సెంటీమీటర్లు, ముఖం చదును, దాన్ని మొదట నిలువుగా దించడం నేర్వాలి. అక్కడ మోచేయి వంచి విసరడమే పద్ధతి, ఇక్కడ వంచి విసిరితే ఆ బంతి చెల్లదు. అక్కడ కొట్టగానే బ్యాటు పారేసి పరుగెత్తాలి, ఇక్కడ బ్యాటుతో సహా పరుగెత్తి గీతను తాకించాలి. మేనమామలు మోచేయి పట్టుకుని ఈ తేడాలు ఒక్కొక్కటే దిద్దుతూ ఉంటే, బావమరుదులు ఆట పట్టిస్తూ ఉంటే, నాలుగు సాయంత్రాల్లో ఆ పిల్లవాడు నిటారుగా బ్యాటు దించడం చూసేవారికి కన్నుల పండువ.

అతిథి ఇచ్చేదీ తక్కువేమీ కాదు. బేస్‌బాల్ ఫీల్డరు విసరని చేతికి తోలు తొడుగు వేసుకుని దానితోనే బంతి పడతాడు కాబట్టి, వన్ టిప్ వన్ హ్యాండ్ ఆటలో ఇక్కడి పిల్లలు కుడిచేత్తో తడబడే చోట అతడి ఎడమచేయి తడుముకోకుండా బంతిని అందుకుంటుంది. గల్లీ చివరి నుంచి స్టూలును గురిచూసి విసరడంలోనూ అతడిదే పైచేయి. టెక్సస్‌లోని గ్రాండ్ ప్రైరీలో 2008లో బేస్‌బాల్ కోసం కట్టిన స్టేడియమే 2023 నాటికి క్రికెట్ మైదానంగా మారి, మరుసటి ఏడు టీ20 ప్రపంచ కప్‌కు వేదిక అయిందంటే ఈ రెండు ఆటల చుట్టరికం ఎంత దగ్గరిదో తెలుస్తుంది.

అయితే ఈ కలయికకు దక్కే కాలం చాలా చిన్నది. తెలంగాణలో బడులకు సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ 11తో ముగుస్తాయి. అమెరికాలో అనేక రాష్ట్రాల బడులు మే నెలాఖరుకు గానీ మూతపడవు. రెండు దేశాల పిల్లలకూ ఒకేసారి తీరిక దొరికేది దాదాపు రెండు వారాలు, అందులోనూ రుతుపవనాల వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. ఆ రెండు వారాల్లో ఇల్లంతా గల్లీలోకి వస్తుంది. మాగాయ ముక్కలు ఎండబెట్టిన డాబా మీదికి బంతి పోకుండా అమ్మమ్మ కాపలా కాస్తుంది, పిన్ని ఓ ఓవరు వేసి వెళ్తుంది, ఓవర్ల మధ్య బంగినపల్లి ముక్కల పళ్లెం ఒక చేతి నుంచి మరో చేతికి మారుతుంది, ఏడాదంతా ఫోను తెరల మీద పలకరించుకున్న బంధువులు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో పరుగుల కోసం పోట్లాడుకుంటారు. మనవలకు భాష రావడంలేదని బాధపడే పెద్దలు ఆ పోట్లాటలను చెవియొగ్గి వినాలి. పిల్లల ఆటలో ఇంటివారి పాత్ర చిన్నది కాదు. ఈ నగరంలోనే పెరిగిన మిథాలీ రాజ్‌ను పొద్దెక్కేదాకా నిద్రపోయే అలవాటు మాన్పించడానికి తండ్రి దొరైరాజ్ అన్నతో పాటు క్రికెట్ శిబిరానికి తీసుకెళ్లకపోతే, 2002లో 19 ఏళ్ల వయసులో టాంటన్ టెస్టులో 214 పరుగులు చేసి మహిళల టెస్టుల్లో ఆనాటి ప్రపంచ రికార్డు నెలకొల్పిన ఆటగత్తె దేశానికి దక్కేదే కాదు. ఇంటివారు పూనుకుంటే ఇలాంటివి జరుగుతాయి.

ఇంతటి సంపదను నేడు చేజేతులా పాడుచేస్తున్నారు. పెంకుటిళ్ల స్థానంలో అపార్ట్‌మెంట్లు లేచాయి, గల్లీలు బండ్లకు నిలువ గదులయ్యాయి, బంతి కారు అద్దానికి తగిలితే పోలీసులను పిలుస్తామనే పెద్దలు తయారయ్యారు. ఇక గల్లీ క్రికెట్ పేరు పెట్టుకుని గంటకింత అని అద్దె వసూలు చేస్తున్న బాక్స్ క్రికెట్ మరీ దారుణం. నాలుగు వైపులా వల, పైన వల, కింద ప్లాస్టిక్ గడ్డి. ఎటు బాదినా బంతి పోదు, ఎవరి కిటికీ పగలదు, అందుచేత మణికట్టుతో పని లేదు, వివేకంతో అసలే లేదు. డబ్బు కట్టిన గంట ముగియగానే ఇంకొక బృందం వచ్చి నిలబడుతుంది, అమ్మమ్మకు కూర్చునే చోటు ఉండదు, అయిదేళ్ల చెల్లెలికి కామన్‌గా ఆడే అవకాశం ఉండదు. బలంగా ఊపడమొక్కటే నేర్పే ఆ పంజరాన్ని గల్లీతో పోల్చడం జయసింహ పుట్టిన ఊరికి అవమానం. ఎనిమిదేళ్ల పిల్లలకు హెల్మెట్లు తగిలించి వీడియోలు తీసే కొన్ని వేసవి శిబిరాలు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

చేయవలసినది పెద్దదేమీ కాదు. మే నెలాఖరు నుంచి జూన్ 11 వరకు రోజూ సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా రెజిమెంటల్ బజార్‌లో గల్లీలను బండ్లు లేకుండా ఉంచడానికి అక్కడి ఇళ్లవారు మాట్లాడుకుని ఒప్పుకుంటే చాలు, అధికారుల అనుమతి కూడా అక్కరలేదు. సెలవులకు వచ్చే కొడుకులూ కూతుళ్లూ తిరుగు ప్రయాణం టికెట్లు కొనేటప్పుడు ఆ రెండు వారాలనూ పెళ్లిళ్లకూ షాపింగ్‌కూ ధారపోయకుండా పిల్లలకు వదిలిపెట్టాలి. ఇంట్లో పాత బ్యాటు ఉన్న తాతయ్యలు దాని పిడికి ఇప్పుడే కొత్త రబ్బరు తొడిగించి ఉంచాలి.