పెట్రీ తాయెత్తుల గ్రంథం: రకం తెలిస్తే చాలదు

ప్రాచీన ఈజిప్టు తాయెత్తులపై ఫ్లిండర్స్ పెట్రీ రాసిన ‘ఆమ్యులెట్స్’ 1914లో వెలువడింది. అందులోని వరుస సంఖ్యలను పరిశోధకులు నేటికీ ఉదహరిస్తుంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ సేకరణ ఆధారంగా ఆయన 275 రకాలను గుర్తించి అయిదు వర్గాలు చేశాడు: పోలిక వల్ల పనిచేసేవి, శక్తినిచ్చేవి, మృతుని ఆస్తికి బదులు ఉంచేవి, కీడునుంచి కాపాడేవి, దేవతామూర్తులు. వీటికి ఆయన పెట్టిన గ్రీకు పేర్లు మాత్రం నోరు తిరగనివి.

‘తాయెత్తు’ అనగానే మనకు తోచేది పిల్లల మొలతాడుకో, పెద్దల దండకో కట్టింది. ఈజిప్టులోనూ బతికున్నవాళ్లు ధరించేవారు. కాని మమ్మీకి చుట్టిన గుడ్డల పొరల మధ్య ఉంచినవాటి పని వేరు. పెట్రీ వర్గీకరణ తడబడేది ఇక్కడే.

గుండెనే చూడండి. ఈజిప్షియన్ల దృష్టిలో ఆలోచనకు నెలవు మెదడు కాదు, గుండె. ఒసిరిస్ ఎదుట తీర్పువేళ దాన్ని త్రాసులో తూస్తారు. అది యజమానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబితే? అందుకే ‘మృతుల గ్రంథం’ 30వ అధ్యాయంలోని మంత్రాన్ని పేడపురుగు ఆకారపు రాతిపై చెక్కి రొమ్ముమీద ఉంచేవారు. పెట్రీ మాత్రం గుండె ఆకారపు తాయెత్తును శరీర భాగం కనుక మొదటి వర్గంలో చేర్చి, ఈ పేడపురుగును మరోచోట పెట్టాడు. రెండూ ఒకే భయానికి మందులన్న సంగతి పాఠకుడికి అందదు. పైగా ఏది ఎక్కడ ఉంచాలో ఈజిప్షియన్లే రాసిపెట్టారు: 156వ అధ్యాయం ప్రకారం ఎర్ర జాస్పర్ రాతి ముడి మృతుని కంఠం వద్ద ఉండాలి.

విచిత్రమేమిటంటే, ఈ లోపానికి విరుగుడు అదే పుస్తకం చివర ఉంది. మమ్మీల రేఖాచిత్రాలపై ఏ తాయెత్తు ఎక్కడ దొరికిందో చూపే పటాలవి. 1889లో హవారాలో నీళ్లు నిండిన సమాధినుంచి తీసిన మమ్మీ పొరలు విప్పుతూ, వరుసలు వరుసలుగా బయటపడ్డ తాయెత్తుల క్రమాన్ని గమనించినవాడూ పెట్రీయే. గ్రంథంలో అన్నిటికన్నా విలువైనవి ఆ పటాలేనని నా అభిప్రాయం. వ్యాపారుల చేతులు మారి మ్యూజియాలకు చేరిన వేలాది తాయెత్తులకు అలాంటి ఆనవాలు లేదు. ఆ నష్టం పూడేది కాదు.

చోటు తెలిస్తే ఎంత తెలుస్తుందో 2023లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. 1916లో దక్షిణ ఈజిప్టులో దొరికి, కైరో మ్యూజియం గిడ్డంగిలో కట్టు విప్పకుండా ఉండిపోయిన ఒక బాలుని మమ్మీని సహర్ సలీమ్ బృందం సి.టి. స్కాన్ చేసింది. సుమారు 2300 ఏళ్ల నాటి ఆ దేహంపైనా లోపలా 21 ఆకారాల్లో 49 తాయెత్తులు మూడు వరుసల్లో ఉన్నాయి. ఛాతీలో బంగారు పేడపురుగు, నోట్లో బంగారు నాలుక, జననాంగం పక్కన రెండు వేళ్ల తాయెత్తు. ఈ చివరిది విడిగా చూస్తే రెండు వేళ్లే. శవాన్ని భద్రపరచేందుకు కడుపు కోసిన గాటును కాపాడడం దాని పని.

పెట్రీ పుస్తకం చేతికి వస్తే విద్యార్థులు ఆ చివరి పటాలతోనే మొదలుపెట్టాలి. అయిదు వర్గాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.