బడి భోజనము – పిల్లల రుచి

పిల్లలకు అన్నము వండి పెట్టుట యొక పని. దానిని వారిచేత తినిపించుట మఱియొక పని. ఈ రెంటికిని గల యంతరమును తల్లు లెల్లరు నెఱుగుదురు. ప్రణాళికలు వ్రాయువారు మాత్రము మొదటి పని ముగిసినంతనే రెండవదియు ముగిసిన ట్లెంచుచుందురు. మన బడి భోజనములను గూర్చి మేము చేయబూనిన విమర్శ కంతకును మూలమిదియే.

బడిలో అన్నము పెట్టు నాచారము నేటిది కాదు. 1920లో పిట్టి త్యాగరాయశెట్టిగారు అధ్యక్షులుగా నున్న చెన్నపురి నగరసభ థౌజండ్‌లైట్సు పాఠశాలలో బీదపిల్లలకు మధ్యాహ్నపు టాహార మిచ్చుటకు పూనుకొనెను. 1956లో కామరాజుగారి ప్రభుత్వము దానిని రాష్ట్రమున విస్తరింపజేసెను. 1995 ఆగస్టు 15వ తేదీన దేశవ్యాప్తమైన పథక మారంభమైనను, పెక్కు రాష్ట్రములలో వండని గింజలే పిల్లల సంచులలో పడుచుండెను. వండిన యన్నమునే పెట్టవలయుననియు, దినమునకు 300 కాలరీలు, 8 మొదలు 12 గ్రాముల మాంసకృత్తులు కనీసముగా నుండవలయుననియు 2001 నవంబరు 28వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము శాసించెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003 జనవరిలో బడిపొయ్యి వెలిగెను. 2013 నాటి ఆహారభద్రతా చట్టముతో ఈ భోజనము బిడ్డలకు హక్కయ్యెను. దీనిని దానమని తలచువారు ఈ మాటను గుర్తుంచుకొందురు గాక.

ఇక నిర్ణయింపబడిన కొలతలను చూతము. ప్రాథమిక తరగతుల బిడ్డకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరలు, 5 గ్రాముల నూనె. వీనివలన 450 కాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు లభింపవలయును. కాగితముమీద నిది నిండు విస్తరియే. కాని కొంచెము లెక్క వేసి చూడుడు. ఆ కాలరీలలో ఇంచుమించు ముప్పాతిక పాలు బియ్యమువలననే వచ్చుచున్నవి. మాంసకృత్తులలో సైతము సగమునకు మించి బియ్యమునుండియే. పప్పు నీరై, కూర నామమాత్రమైనను అంకెలు పెద్దగా తగ్గవు. తగ్గునది బిడ్డ యెదుగుదలయే. కావుననే గ్రుడ్డు ముఖ్యము. ఒక గ్రుడ్డునందు ఆరు గ్రాములకు తక్కువ కాని మేలైన మాంసకృత్తు కలదు. వంటవారు పలుచన చేయజాలని పదార్థ మది యొక్కటియే!

ఈ లోపమును ప్రభుత్వములు గుర్తింపలేదనుట న్యాయము కాదు. ఆంధ్రప్రదేశమున 2020 జనవరినుండి దినమున కొక వంటకము చొప్పున పట్టిక మార్చి, వారమున కైదు గ్రుడ్లును, వేరుసెనగ చిక్కియు చేర్చిరి. 2023 మార్చిలో రాగిజావ వచ్చెను. 2024లో పథకమునకు, గోదావరి లంకలలో వచ్చినవారి కెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ప్రభుత్వములు మారినపుడెల్ల పేళ్లు మారుచున్నవి. ఈ పేరు మాత్రము తగియున్నదని ఒప్పుకొనక తప్పదు. తెలంగాణమున 2015లోను, ఆంధ్రప్రదేశమున 2025 జూనులోను బడులకు సన్నబియ్యము వచ్చినది. పిల్లలు సంతోషించిరి, మేమును సంతోషించితిమి. ముద్దకట్టిన యన్నమును పారవేయుటకంటె మెత్తని యన్నమును తినుట మేలు గదా.

అయినను ఒక హెచ్చరిక. సన్నబియ్యమునందు దోషము లేదు. మితిమీరి తెల్లచేయుటయందే దోషము కలదు. తవుడుతో బాటు బి విటమినులును పోవును. ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి మన తాతల కాలమున ఎందఱ కాళ్లు పడవేసినదో వృద్ధులు చెప్పగా వినియున్నాము. ఆ వ్యాధిని పరిశోధించుటకే 1918లో కూనూరున మెకారిసన్ దొర యొక చిన్న పరిశోధనశాలను స్థాపించెను. అదియే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది. ఇట్టి సంస్థ మన నడుమ నుండగా తెలుపే గొప్పయను భ్రమ మనలను వీడకుండుట వింత గాదా?

కొంతకాలము క్రిందట గోదావరి ప్రాంతమున నొక గ్రామ పాఠశాలకు భోజనవేళ పోయితిమి. అన్నము శుభ్రముగా నున్నది, పప్పు చిక్కగా నున్నది. భోజనానంతరము కంచములు కడుగుచోటికి పోయి చూడగా, వేపచెట్టు మొదట తోటకూర కాడలును, ఆకులును, పచ్చసొనలును కుప్పగా పడియున్నవి. తెల్లసొన తిని పచ్చసొన పారవేయుట ఆ బడిలో మగపిల్లల వేడుకయట! వంటచేయు నామెను కారణ మడిగితిమి. "ఏం చెయ్యమంటారు బాబుగారూ! ఆకు కనబడితే ఏరేస్తారండి. మెత్తగా ఎనిపి పప్పులో కలిపేస్తే గిన్నె నాకి మరీ లేస్తారు. పెద్దోళ్ల పక్కన కూచున్న బుడ్డోళ్లయితే అన్నీ తింటారండి, వాళ్లని చూసి" అని ఆమె చెప్పెను.

పెక్కు నివేదికలలో లేని వివేక మా మాటలయందు మాకు కానవచ్చినది. ఏరి పారవేయబడిన ఆ యాకులయందే ఫోలికామ్లము కలదు. దానిని కృత్రిమముగా సిద్ధముచేయు మార్గమును 1945లో కనుగొన్న బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తెలుగువాడు ప్రపంచమున కందించిన ఔషధము తెలుగుబిడ్డ కంచమునుండి వేపచెట్టు మొదటికి పోవుచున్నది!

ఇందుకు బిడ్డలను నిందింపవచ్చునా? రుచి పుట్టుకతో వచ్చునది కొంత, నేర్చుకొనునది మిక్కిలి. తీపియం దిష్టము, చేదునందు విముఖత శిశువునకు స్వభావసిద్ధములు. కాని క్రొత్త పదార్థమును బలవంతము లేక మరల మరల, ఎనిమిది పది మారులైనను, కొంచెముకొంచెముగా రుచి చూపినచో పెక్కుమంది బిడ్డలు దాని నంగీకరింతురని ఈ విషయమును పరిశోధించిన శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. తోడిపిల్లలు తినుచుండగా చూచి తినుటయు వారు గమనించినదే. అదలించి తినిపించినది ద్వేషమగును. మిఠాయి ఆశచూపి తినిపించినది మిఠాయి విలువను పెంచును. కాబట్టి ఒక్కనాడు తినలేదని పట్టికనుండి కూరను తీసివేయుటయు, తినలేదని కొట్టుటయు రెండును తప్పులే.

ఇప్పుడు మన యింటివైపు తిరిగి చూతము. ఈ పత్రిక చదువువారి బిడ్డలలో పలువురు ఆ పంక్తిని కూర్చుండరు, క్యారియరు తీసికొనిపోవుదురు. అందేమున్నది? తెల్లని బ్రెడ్డు, నూడుల్సు, బిస్కట్లు, ఉప్పు దట్టించిన చిప్సు పొట్లము. కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తినుబండారములను బడిలోను, ద్వారమునకు 50 మీటర్లలోపలను అమ్మరాదని 2020లో నియమములు చేసిరి. కాని తల్లిచేతిమీదుగా వచ్చు పొట్లమును ఏ నియమ మాపగలదు? బియ్యముతో పోల్చిన ముప్పది రెట్లకు పైగా కాల్షియము గల రాగులను మనము బీదవాని తిండియని వంటింటినుండి వెడలగొట్టితిమి. ఇపుడు బీదవాని బిడ్డ రాగిజావను చూచి మొగము త్రిప్పుకొనినచో, ఆ చిన్నతనము వానికి నేర్పినదెవరు? రంగుపొట్లము గొప్ప, జావ హీనము అను పాఠమును మన పిల్లల చేతులే బోధించినవి.

మఱియొక మాట. వంటవారి నియామకమున దళితులకు ప్రాధాన్య మీయవలయునని 2004 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము చెప్పెను. ఏ కులమువారు వండినను అన్ని కులముల బిడ్డలును ఒక్క పంక్తిని తినుట సంఘసంస్కర్తలు కోరిన విందు. ఆ వంటచేయువారి గౌరవవేతనము ఆంధ్రప్రదేశమున 2019లో నెలకు 3000 రూపాయలుగా పెరిగెను. దానికి ముందు 1000 రూపాయలే. వందలమందికి రుచి నేర్పు గురువున కిది చాలునా? వడ్డనకు ముందు ఉపాధ్యాయు డన్నమును రుచి చూడవలయునని నియమము కలదు. రుచిచూచుట పరీక్ష, కలసి తినుట పాఠము. ఉపాధ్యాయుడు తన డబ్బా మూసిపెట్టి పిల్లలతో కూర్చుండి తోటకూర తిన్ననాడు వేపచెట్టు మొదట కుప్ప తగ్గునని మా దృఢవిశ్వాసము.

కొలతలు వలదని మే మనుట లేదు. కొలత గరిటెతో ముగియక కడుపువఱకు పోవలయునని మాత్రమే కోరుచున్నాము. ఎంత వండిరని వ్రాయు పుస్తకమున ఎంత పారవేసిరో యను గడియు నొకటి యుండవలయును. తల్లిదండ్రులు నెల కొకనాడైనను బడికి పోయి ఆ పంక్తిని కూర్చుండవలయును. క్యారియరు కట్టు నిల్లాండ్రు వారమునకు రెండు దినములైనను రాగులకు, ఆకుకూరలకు అందు చోటీయవలయును. బిడ్డలు మన మాట వినరని మనము తరచుగా వగచుచుందుము. వారు మన కంచమును మాత్రము శ్రద్ధగా చూచుచున్నారు.